తాండ్ర ముక్కలో తీపి లెక్క

మామిడి పండు బరువులో వందకు 83 పాళ్ళు నీరే. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల తోటల్లో కోసిన కాయ ఆగకుండా విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కు పరిగెత్తేది ఆ నీటి వల్లే. తేమ, తీపి ఒకచోట ఉంటే ఈస్టుకీ బూజుకీ పండగ. బంగినపల్లి అయినా, చిన్న రసమైనా, పెద్ద రసమైనా, ఇక్కడివాళ్ళు కలెక్టర్ అని పిలిచే తోతాపురి అయినా, పండిన తర్వాత నిలిచేది కొద్ది రోజులే. ఆ నీటిని ఎండకు వదిలించి, వేసవి పండును వానాకాలం దాకా, చలికాలం దాకా దాచుకోవడానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం మామిడి తాండ్ర. కోనసీమలో ఆత్రేయపురం, విజయనగరం జిల్లాలో భీమాళి దీనికి పేరుమోసిన ఊళ్ళు. మొన్నమొన్నటి దాకా తాండ్ర అంటే మిఠాయి కొట్టులో తూకానికి కొనుక్కునే వస్తువు. ఈ మధ్య దాని చుట్టాలు చాలా బయల్దేరాయి: ఎండు మామిడి ముక్కలు, పండ్ల రోల్స్, ఖర్జూరం బార్లు. చిన్న పొట్లం, పెద్ద ధర, ముందు భాగంలో 'పంచదార కలపలేదు' అన్న మాట, వెనకాల ఫోన్‌లో రోజూ కనిపించే ఒక ముఖం. ఈ పొట్లానికి మనం ఇచ్చే అదనపు డబ్బుకు ఆరోగ్యం ఎంత వస్తోందన్నది ఈ అధ్యాయం తేల్చాల్సిన ప్రశ్న. వస్తున్న మాట నిజమే గానీ చాలా కొంచెం వస్తోందని, ఆ కొంచెం కూడా జనం అనుకునే చోట లేదని లెక్కలు చెబుతాయి.

అమ్మే మనిషి మారాడు

చిరుతిండి వ్యాపారంలో పాత పద్ధతి ఒకటుంది. కంపెనీ సరుకు తయారుచేస్తుంది, సినిమా నటుడో క్రికెటరో దాన్ని పట్టుకుని నవ్వుతాడు. ఆ నవ్వుకు డబ్బు ముట్టిందని చూసేవాళ్ళందరికీ తెలుసు. కొత్త పద్ధతిలో ఆ ముఖమే కంపెనీ. మిస్టర్ బీస్ట్‌గా పేరుపడ్డ అమెరికన్ యూట్యూబర్ జిమ్మీ డొనాల్డ్‌సన్ 2022లో ఫీస్టబుల్స్ చాక్లెట్లు మొదలుపెట్టాడు. 2024 సెప్టెంబరులో లోగన్ పాల్, కేఎస్ఐ అనే మరో ఇద్దరితో కలిసి లంచ్‌లీ అనే పిల్లల భోజనం పెట్టె తెచ్చాడు. అప్పటికే అక్కడి బడి పిల్లల్లో పాతుకుపోయిన లంచబుల్స్ కంటే ఇది మేలైనదని వాళ్ళ ప్రచారం. పెట్టె విప్పితే ముగ్గురి సరుకూ కనిపించేది: వాళ్ళ పానీయం, వాళ్ళ చాక్లెట్, పక్కన పిజ్జా ముక్కలో నాచోసో. దేనికంటే మేలు, ఎంత మేలు అని పోషకాహార నిపుణులు వెంటనే నిలదీశారు. పోటీ సరుకు కంటే కొన్ని కేలరీలు తక్కువన్నంత మాత్రాన అది మంచి తిండి అయిపోదు కదా అన్నది వాళ్ళ వాదన.

మన దేశంలో ఈ కథ కొంత మర్యాదగా నడిచింది. హిందుస్థాన్ యూనిలీవర్‌లో పనిచేసిన శశాంక్ మెహతా తన బరువు, వ్యాయామం గురించి ఆన్‌లైన్‌లో రాస్తూ పాఠకులను సంపాదించుకుని, 2019లో స్నాక్ బార్ల కంపెనీ పెట్టారు. దాని ఇప్పటి పేరు ది హోల్ ట్రూత్. పంచదారకు బదులు ఖర్జూరం వాడటం, వాడిన ప్రతి దినుసునూ పొట్లం ముందు భాగంలోనే అచ్చువేయడం ఆ కంపెనీ ప్రత్యేకత. ఫుడ్ ఫార్మర్ పేరుతో వీడియోలు చేసే రేవంత్ హిమత్‌సింగ్కా 2023 ఏప్రిల్లో బోర్న్‌విటాలో పంచదార ఎంతుందో చెప్పినప్పుడు కంపెనీ లాయరు నోటీసు పంపింది. ఆయన వీడియో తీసేశారు. కానీ అదే ఏడాది చివరికి ఆ పొడిలో కలిపే పంచదార వంద గ్రాములకు 37.4 నుంచి 32.2 గ్రాములకు తగ్గింది. 2024 ఏప్రిల్లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' వరుసలో చూపించవద్దని ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. ఒక్క మనిషి లేబుల్ చదివి వినిపిస్తే ఎంత కదలిక వస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. అందుకే ఆన్‌లైన్ ప్రముఖులు తెచ్చే తిండిని మోసమని కొట్టిపారేయడం న్యాయం కాదు. పరిశీలించాల్సింది వస్తువును. అందులో ఉన్నదేమిటో, అది కడుపులోకి వెళ్ళాక ఏం చేస్తుందో చూడాలి.

నీళ్ళు పోతే మిగిలేది

తాండ్ర తయారీని దగ్గర నుంచి చూస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. పండిన కాయలను పిసికి, గుజ్జును జల్లెడ పట్టి, టెంకనూ పీచునూ తీసేస్తారు. పంచదారో బెల్లమో కలిపి చాప మీద పల్చగా పరుస్తారు. ఎండకు ఆ పొర మీద ముందు మెరుపు వస్తుంది, తర్వాత వేలికి అంటుకునే బంక తగ్గుతుంది, అంచులు చాప నుంచి కాస్త పైకి లేస్తాయి. అప్పుడు దాని మీద మరో పూత. పూత మీద పూతగా రోజుల తరబడి సాగితే, కోసినప్పుడు అడ్డంగా గీతలు గీతలుగా పొరలు కనిపించే ముదురు రంగు దిమ్మ తయారవుతుంది. పంచదార ఇక్కడ తీపి కోసమే కాదు. అది మిగిలిన తేమను తనతో కట్టేసుకుని బూజుకు అందకుండా చేస్తుంది, తాండ్ర గట్టిపడి విరిగిపోకుండా మెత్తగా సాగేలా ఉంచుతుంది. పైగా గుజ్జు కంటే పంచదార చవక.

ఇప్పుడు లెక్క. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం వంద గ్రాముల మామిడి గుజ్జులో సుమారు 83.5 గ్రాముల నీరు, 13.7 గ్రాముల చక్కెరలు, 1.6 గ్రాముల పీచు ఉంటాయి. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. లెక్క దారి మాత్రం మారదు. నీరు పోగా మిగిలే ఘనపదార్థం 16.5 గ్రాములు. అందులో ఆరింట అయిదు వంతులు చక్కెరే. వందకు 15 పాళ్ళ తేమ మిగిలేదాకా ఎండబెట్టామనుకుందాం. పంచదార అసలు కలపకుండా వంద గ్రాముల తాండ్ర కావాలంటే సుమారు 515 గ్రాముల గుజ్జు కావాలి. ఆ గుజ్జులోని చక్కెర అంతా ఆ వంద గ్రాముల్లోకే చేరుతుంది. అంటే 70 గ్రాములు. మిఠాయి కొట్టు తాండ్రలో ఘనపదార్థంలో సగం బయటి పంచదారే అనుకుందాం. అప్పుడు 257 గ్రాముల గుజ్జు చాలు. దాని నుంచి వచ్చే చక్కెర 35 గ్రాములు, కలిపిన పంచదార 42 గ్రాములు, మొత్తం సుమారు 78 గ్రాములు. ఖరీదైన పొట్లంలో 70, తూకం తాండ్రలో 78. ఒకసారి తినే 20 గ్రాముల ముక్కకు తెస్తే 14 గ్రాములు, 15.6 గ్రాములు. ఈ రెంటి మధ్య తేడా చెంచాలో మూడో వంతు పంచదార.

తేడా పూర్తిగా లేదనలేం. పంచదార కలపని ముక్కలో గుజ్జు రెట్టింపు కాబట్టి పీచు కూడా రెట్టింపు: 20 గ్రాములకు 0.8 గ్రాము బదులు 1.6 గ్రాములు. పండుకు పసుపు రంగునిచ్చే కెరోటిన్ కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ ఉంటుంది. ఎండకు, గాలికి విటమిన్ సి చాలావరకు పోతుంది, అది రెండు రకాల తాండ్రకూ తప్పని నష్టం. పంచదార లేని తాండ్రకు ధర కాస్త ఎక్కువ పలకడంలో న్యాయం ఉందని కూడా ఈ లెక్కే చూపిస్తుంది, ఎందుకంటే దానికి పట్టే పండు రెట్టింపు. ఈ సరుకు చెయ్యడానికి ఎక్కువ ఖర్చవుతుందన్నది నిజం. అయితే ఆ ఖర్చు ఎక్కువగా వెళ్ళింది పంచదార స్థానంలో మామిడి చక్కెరను పెట్టడానికి.

పండులోది సహజమైన చక్కెర, అది వేరు కదా అని ఎవరైనా అడగవచ్చు. కాయ పండుతున్నప్పుడు అందులోని పిండిపదార్థం విడిపోయి చక్కెరగా మారుతుంది. పండిన మామిడి తీపిలో పెద్ద వాటా సుక్రోజ్‌ది. చెరకు నుంచి తీసే పంచదార కూడా సుక్రోజే. చిన్నపేగులోని ఎంజైము దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టేటప్పుడు అది ఉయ్యూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా, నూజివీడు తోట నుంచి వచ్చిందా అని చూడదు. బెల్లం, తేనె, ఖర్జూరం ముద్ద కూడా ఇదే కోవలోకి వస్తాయి. పండు మేలైనదని వైద్యులు చెప్పడానికి కారణం అందులోని చక్కెర రకం వేరు కావడం కాదు. ఆ చక్కెర బోలెడంత నీటిలో, కణాల గోడల మధ్య, పీచులో చిక్కుకుని ఉండటం. తాండ్ర చేసేటప్పుడు మనం తీసేసేది ముందుగా వాటినే.

లేబుల్ మీద సున్నా

మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పొట్లం వెనక పట్టికలో చక్కెరకు రెండు వరుసలు ఉండాలి: మొత్తం చక్కెరలు, కలిపిన చక్కెరలు. మంచి నిబంధన. దాన్ని చదివే తీరులోనే చిక్కంతా ఉంది. రోజువారీ అవసరంలో ఈ పొట్లం ఎంత శాతం ఇస్తుందో కూడా పట్టికలో చూపించాలి, అయితే చక్కెర విషయంలో ఆ శాతం కలిపిన చక్కెరకే, రోజుకు 50 గ్రాములు హద్దుగా. కాబట్టి పంచదార కలపని తాండ్ర పొట్లం మీద మొత్తం చక్కెరలు వందకు 70 గ్రాములని ఉన్నా, దాని కింది వరుసలో సున్నా, శాతం గడిలోనూ సున్నా. చట్టం ప్రకారం అక్షరం తప్పు లేదు. చదివేవాడి కన్ను మాత్రం సున్నా దగ్గర ఆగి తృప్తిపడుతుంది. 'కలపలేదు' అన్న మాట తయారీదారు చేసిన పని గురించి చెబుతుంది. తినేవాడికి అవసరమైన సమాచారం పై వరుసలో ఉంది.

ఈ చిక్కును శాస్త్రజ్ఞులు ఎప్పుడో గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాలు 'కలిపిన చక్కెర' అన్న మాటతో సరిపెట్టుకోలేదు. తేనె, పాకాలు, పండ్ల రసాలు, చిక్కబరిచిన రసాల్లోని చక్కెరలను కూడా కలుపుకుని వాటిని స్వేచ్ఛా చక్కెరలు అంది. రోజు మొత్తం తిండి ఇచ్చే కేలరీల్లో వీటి వాటా పదో వంతుకు మించకూడదని, ఇరవయ్యో వంతుకు తగ్గితే ఇంకా మంచిదని సూచించింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అవి 50 గ్రాములు, 25 గ్రాములు. బ్రిటన్ నిపుణులు 2018లో ఇంకో అడుగు వేసి, మెత్తగా చేసిన పండ్ల గుజ్జు, ముద్ద, పొడిలోని చక్కెరను కూడా ఈ జాబితాలో చేర్చారు. ముక్కలుగా ఎండబెట్టిన పండును మాత్రం బయట ఉంచారు, అందులో కణాల గోడలు చాలావరకు చెదరకుండా ఉంటాయి కాబట్టి. ఆ కొలతతో చూస్తే జల్లెడ పట్టిన గుజ్జుతో చేసిన తాండ్ర, పంచదార వేసినా వేయకపోయినా, స్వేచ్ఛా చక్కెరే. 20 గ్రాముల ముక్క తింటే 25 గ్రాముల హద్దులో సగానికి మించి అయిపోయినట్టు. మన దేశంలోనూ ఆలోచన ఆ దిక్కుకే సాగుతోంది. 2024 జూన్‌లో పండ్ల రసాల డబ్బాల మీద 'వంద శాతం పండ్ల రసం' అన్న మాట తీసేయాలని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అదే ఏడాది విడుదల చేసిన 17 మార్గదర్శకాల్లో లేబుల్ చదివి కొనుక్కోవడం ఒకటి.

నమిలే పని, నిండే కడుపు

చక్కెర గ్రాములు ఒక్కటైనా, అది ఏ రూపంలో వచ్చిందన్నది శరీరానికి ముఖ్యం. దీన్ని తేల్చిన పాత ప్రయోగం ఒకటి ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జరిగింది. కెన్ హీటన్, ఆయన సహచరులు పది మందికి యాపిల్‌ను మూడు రూపాల్లో ఇచ్చారు: కొరికి తినే పండు, పీచు పోకుండా మెత్తగా రుబ్బిన గుజ్జు, పీచు తీసేసిన రసం. మూడింటిలోనూ చక్కెర సమానం. 1977లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పండు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులో రసం తాగేశారు. తినే వేగాన్ని సమానం చేసి చూసినా, పండు ఇచ్చిన తృప్తి గుజ్జు ఇవ్వలేదు, గుజ్జు ఇచ్చినంత రసం ఇవ్వలేదు. రక్తంలో గ్లూకోజ్ మూడింటికీ దాదాపు ఒకే ఎత్తుకు పెరిగింది. కానీ ఇన్సులిన్ గుజ్జుకూ రసానికీ ఎక్కువగా ఊరింది. రసం తాగిన తర్వాత గ్లూకోజ్ మొదటి స్థాయి కంటే కిందికి జారింది, గుజ్జు తిన్నాక కొంత జారింది, పండు తిన్నాక జారలేదు. గుజ్జులో పీచు బరువు పండులో ఉన్నంతే ఉందని గుర్తుపెట్టుకోవాలి. పోయింది దాని అల్లిక. పది మందితో చేసిన చిన్న ప్రయోగమే, అది కూడా యాపిల్‌తో. అయినా రసం కంటే పండు మేలన్న మాట తర్వాతి అర్ధ శతాబ్దంలో నిలబడింది.

నూజివీడు వైపు నుంచి దీనికి గట్టి ఎదురు ప్రశ్న రావచ్చు. చిన్న రసాన్ని మనం కొరికి తినం. మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర చిల్లు పెట్టి జుర్రుకుంటాం. అది రసం తాగడం కాదా? కొంతవరకు అవును. బంగినపల్లి ముక్కలు నమిలి తినడానికీ, రసం పండు జుర్రుకోవడానికీ తేడా ఉండే ఉంటుంది. కానీ జుర్రుకునే పండులో కూడా నీరు పోలేదు. వంద గ్రాముల గుజ్జు పొట్టలో వంద గ్రాముల చోటు తీసుకుంటుంది. రెండు పండ్లయ్యేసరికి చేయి దానంతట అదే ఆగుతుంది. అదే వంద గ్రాముల గుజ్జు తాండ్రగా మారితే 20 గ్రాముల ముక్క, రెండు నిమిషాల పని. నాలుగు ముక్కలు తిన్నవాడు నాలుగు వందల గ్రాముల గుజ్జు తిన్నట్టు అతని పొట్టకు తెలియదు. పైగా బంకగా పళ్ళ సందుల్లో ఇరుక్కునే తీపి పంటికి మంచిది కాదు. చక్కెరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టడానికి చూపిన రెండు ముఖ్య కారణాల్లో బరువు ఒకటైతే, పిప్పిపళ్ళు రెండోది.

ధర చేసే పని

మరి ఖరీదైన పొట్లం తిన్నవాళ్ళు దాన్ని అంత మెచ్చుకుంటారెందుకు? వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. 2008లో కాలిఫోర్నియాలో హిల్కే ప్లాస్‌మాన్, బాబా శివ్, వాళ్ళ సహచరులు 20 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి వైన్ రుచి చూపించారు. అయిదు రకాలని చెప్పారు, నిజానికి ఉన్నవి మూడే. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదనీ, ఇంకోసారి 90 డాలర్లదనీ చెప్పి పోశారు. ధర ఎక్కువని చెప్పినప్పుడు బాగుందన్నవాళ్ళు ఎక్కువ. అంతకంటే ఆశ్చర్యం, మెదడులో ఆనందాన్ని అంచనా వేసే భాగం కూడా అప్పుడు ఎక్కువగా చురుకైంది. ధర చెప్పకుండా ఇస్తే ఆ తేడా మాయమైంది. ఖరీదు రుచిని నిజంగానే పెంచుతుందన్నమాట. రక్తంలో చక్కెరను మాత్రం అది తగ్గించదు. రుచి గురించి తినేవాడి సాక్ష్యం చెల్లుతుంది. 'తిన్నాక తేలిగ్గా ఉంది, మంచిదనిపించింది' అన్న సాక్ష్యాన్ని ఆరోగ్యానికి కొలతగా తీసుకోకూడదు.

ముఖం చేసే పని గురించి మరో ఆధారం ఉంది. లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా కోట్స్ బృందం 9 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 176 మందికి పేరున్న వ్లాగర్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లా తయారుచేసినవి చూపించింది. కొందరికి వ్లాగర్ జంక్ ఫుడ్‌తో, కొందరికి పండ్లూ కూరగాయలతో, కొందరికి తిండి కాని వస్తువుతో కనిపించారు. తర్వాత అందరి ముందూ తినుబండారాలు పెట్టారు. 2019లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, జంక్ ఫుడ్‌తో ఉన్న వ్లాగర్‌ను చూసినవాళ్ళు మూడో వర్గం కంటే మొత్తం మీద 26 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. పండ్లతో ఉన్న వ్లాగర్‌ను చూసినవాళ్ళు పండ్లేమీ ఎక్కువ తినలేదు. ప్రముఖుల ప్రభావం తీపి, నూనె వైపు సులువుగా పనిచేస్తుంది, పండు వైపు అంత సులువుగా పనిచేయదు. 'ఆరోగ్యకరమైన' చిరుతిళ్ళలో ఎక్కువ భాగం తియ్యగానే ఎందుకుంటాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పండు పేరు మీద మిఠాయి రుచి అమ్మితే రెండు పనులూ జరుగుతాయి. ప్రచారం చేసేవాళ్ళు తమకు ముట్టే డబ్బు గురించీ, కంపెనీలో తమకున్న వాటా గురించీ బయటికి చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో నియమం పెట్టింది. అది అవసరమైన నియమమే. అయితే వాటా ఉందని తెలిసినా నమ్మకం తగ్గదు. నిన్నటిదాకా మిగతా కంపెనీల లేబుళ్ళు విప్పి చూపించిన మనిషి తన సరుకు అమ్ముతున్నప్పుడు, దాని లేబుల్‌ను అంత కటువుగా చదివే పని కొనేవాడి మీదే పడుతుంది.

ఎదురు వాదనలు

చిప్స్ పొట్లం కంటే ఇది నయం కాదా అన్నది అన్నిటికంటే బలమైన వాదన. నయమే. వంద గ్రాముల బంగాళదుంప చిప్స్‌లో సుమారు 540 కేలరీలు, మూడో వంతు బరువు నూనె, దాని మీద ఉప్పు. పంచదార కలపని వంద గ్రాముల తాండ్రలో సుమారు 310 కేలరీలు, నూనె దాదాపు లేదు, పీచు 8 గ్రాములు. సాయంత్రం చిప్స్ తినే పిల్లవాడు దాన్ని మానేసి ఒక ముక్క తాండ్రతో సరిపెట్టుకుంటే లాభమే. ఈ వాదనలో 'మానేసి' అన్న మాటే కీలకం. ఆరోగ్యకరమైనదన్న భరోసాతో కొన్న తిండి పాత తిండి స్థానంలోకి రాకుండా దాని పక్కన చేరితే, లెక్క కూడికలోకి మారుతుంది. రెండోది, చిప్స్‌తో పోల్చి గెలవడం చిన్న గెలుపు. వేయించిన శనగలు, పల్లీలు, జామకాయ, అరటిపండు ఉన్న ఊళ్ళో పోలిక వాటితో జరగాలి. ఆ పోలికను పొట్లం ముందు భాగం ఎప్పుడూ చూపించదు.

మధుమేహం ఉన్నవాళ్ళ విషయంలో మొత్తం చక్కెరకూ కలిపిన చక్కెరకూ ఉన్న తేడా మాటల్లో మిగలదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. 'పంచదార లేదు' అన్న మాట అందరి కంటే ముందు చేరేది వాళ్ళ ఇళ్ళకే. కొడుకు తెచ్చి ఇచ్చిన ఖరీదైన పొట్లాన్ని ఆ తండ్రి మందులా భావించి రెండు పూటలా తింటే, రోజుకు రెండు ముక్కలతో 28 గ్రాముల చక్కెర లోపలికి వెళ్తుంది. తూకం తాండ్ర అయితే అది తీపి అని తెలిసి, భయపడి, గోరంత తినేవాడు. ఆ భయాన్ని తీసేయడంలోనే ఈ పొట్లం నిజంగా హాని చేయగలదు.

ఇంకో వాదన తోట గురించి. ఎవరు ఎంత పెట్టి కొంటే మనకేం, రైతుకు మేలు జరిగితే చాలదా? జరిగితే చాలా మంచిదే. 2025 జూన్‌లో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర పడిపోయినప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా 12 రూపాయలు నిర్ణయించారు. ఆ ధరతో మన 20 గ్రాముల ముక్కను లెక్కిద్దాం. దానికి కావలసిన గుజ్జు 103 గ్రాములు. తొక్క, టెంక పోతాయి కాబట్టి సుమారు 165 గ్రాముల కాయ. రైతుకు చేరేది రెండు రూపాయలు. కాయ కిలో 30 రూపాయలు పలికినా అయిదు రూపాయలు. పొట్లం మీద అచ్చయిన ధర ఎంతైనా కానివ్వండి, దానికీ ఈ అంకెకూ మధ్య ఉన్నదంతా ఎండబెట్టడం, పొట్లం కట్టడం, రవాణా, ప్రచారం, లాభం. ఇందులో కొన్ని నిజమైన ఖర్చులే. కానీ పొట్లం ధర పెరిగితే తోటలో ధర పెరుగుతుందన్న హామీ ఎక్కడా లేదు. రైతుకు మేలు జరగాలంటే కాయ కొనే ఒప్పందంలో జరగాలి, లేదా ఎండబెట్టే పని నూజివీడులోనే, రైతు సంఘాల చేతుల్లోనే ఉండాలి. కొనేవాడి సద్భావం ఆ పని చేయలేదు.

అదనపు డబ్బుకు దొరికే నిజమైన విలువలు కూడా ఉన్నాయి, వాటిని దాచడం తగదు. ఆరుబయట ఎండే తాండ్ర మీద దుమ్ము, ఈగలు వాలతాయి. మూసి ఉన్న సోలార్ డ్రయ్యర్‌లో చేస్తే వాలవు, ఆ యంత్రానికి ఖర్చవుతుంది. కాల్షియం కార్బైడ్‌తో కాయ పండించడం చట్టవిరుద్ధం. అనుమతి ఉన్న ఇథిలీన్ గదిలో పండించి, ఏ తోట కాయో రాసి పెట్టుకునే కంపెనీకి ఆ శ్రమకు ప్రతిఫలం దక్కాలి. ఎండు మామిడి రంగు మారకుండా కొందరు మెటాబైసల్ఫైట్ వాడతారు. అది లేబుల్ మీద 223 లేదా 224 అన్న అంకెతో ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరికి పడదు. అది వాడని సరుకు వాళ్ళకు విలువైనదే. శుభ్రత, నిజాయతీగల లేబుల్, చిన్న పరిమాణం: ఈ మూడింటికీ డబ్బు పెట్టవచ్చు. చిన్న పొట్లం దానంతట అదే ఒక మేలు, అరకిలో దిమ్మ ముందు కూర్చున్నవాడి చేయి ఒక్క ముక్కతో ఆగదు కాబట్టి.

కొనేటప్పుడు చేయాల్సిన పని కూడా చిన్నదే. పొట్లం తిప్పి మొత్తం చక్కెరల వరుస చూడాలి, కింది వరుసలోని సున్నాను వదిలేయాలి. వంద గ్రాములకు ఇచ్చిన ఆ అంకెను మనం ఒకసారికి తినే బరువుతో గుణించి, వందతో భాగించి, లోపలికి వెళ్ళే చక్కెర ఎన్ని గ్రాములో తేల్చుకుని, 25తో పోల్చుకోవాలి. దినుసుల్లో గుజ్జు ఉందా, ముక్కలు ఉన్నాయా చూడాలి. రెండూ ఉన్నచోట ముక్కలు నయం. ధరను బరువుతో భాగించి, తేడా శుభ్రతకు పెడుతున్నామో, ముఖానికి పెడుతున్నామో నిర్ణయించుకోవాలి. ఇంత చేశాక కూడా తాండ్ర తినాలనిపిస్తే తినొచ్చు, తినడానికే అది పుట్టింది. పూతరేకులో, బొబ్బట్టో తినేటప్పుడు మనం పాటించే హద్దే దానికీ పాటిస్తే చాలు. ఆ హద్దు పంచదార కలిపిన తాండ్రకు ఎంతో, కలపనిదానికీ దాదాపు అంతే. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే ఏ పొట్లం కొన్నా నష్టం లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, నీళ్ళు పోని పండు బజారులో ఉన్నంత కాలం, ఏ పొట్లమూ కొనాల్సిన అవసరం లేదు.